మోకాలి వాపుకి ఒకే మాత్ర, ఒకే పథ్యమా?



మోకాలు వాచిందనగానే మన ఇళ్ళలో జరిగేవి రెండు. వీధి చివరి మందుల షాపునుంచి నొప్పిమాత్ర వస్తుంది. చింతపండు, వంకాయ, కందిపప్పు వంటింట్లోంచి వెళ్ళిపోతాయి. వాచింది ఎవరికి, ఎందుకు అని మాత్రం ఎవరూ అడగరు. అరవై ఏళ్ళ అత్తగారికీ, పదేళ్ళ పిల్లవాడికీ ఒకే మాత్ర, ఒకే పథ్యం!

నిజానికి వాపు శరీరం తనకి తాను పెట్టుకునే కాపలా. దెబ్బ తగిలినా, సూక్ష్మక్రిములు చేరినా అక్కడికి రక్తం ఎక్కువగా పారుతుంది, తెల్లకణాలు వచ్చి చేరతాయి. అందుకే ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, నొప్పెడుతుంది. ఈ నాలుగు గుర్తుల్నీ సెల్సస్ అనే రోమన్ రచయిత రెండువేల ఏళ్ళ కిందటే రాసిపెట్టాడు. పని అయ్యాక కాపలా వెళ్ళిపోవాలి. వెళ్ళలేదంటే, దాన్ని అక్కడ నిలిపి ఉంచుతున్నదేదో ఉందన్నమాట.

నొప్పిమాత్ర ఆ ‘ఏదో’ జోలికి పోదు. ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారుకాకుండా ఆస్పిరిన్ ఆపుతుందని జాన్ వేన్ 1971లో చూపించాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకరు. అయితే ఆ ప్రోస్టాగ్లాండిన్లే మన కడుపు లోపలి పొరను కాపాడతాయి, మూత్రపిండాలకి రక్తం సరిగ్గా అందేలా చూస్తాయి. నెలల తరబడి మాత్రలు మింగినవాళ్ళలో కొందరికి కడుపులో పుండ్లు పడేదీ, మూత్రపిండాలు దెబ్బతినేదీ అందుకేనండీ.

ఇక పథ్యం. ఇంట్లో మగవారికి అర్ధరాత్రి కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారనుకోండి. చాలావరకు అది గౌట్. రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువై కీలులో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. మనం వెంటనే పప్పూ పాలకూరా మానిపిస్తాం. అమెరికాలో 47 వేలమంది మగవాళ్ళని 12 ఏళ్ళు గమనించి 2004లో ప్రకటించిన ఫలితాలు వేరేలా ఉన్నాయి. మాంసం, సముద్రపు చేపలు, రొయ్యల్లాంటివి ఎక్కువ తిన్నవారికి ఈ జబ్బు ఎక్కువ వచ్చింది. ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలవల్ల పెరగలేదు. పాలూ పెరుగూ బాగా వాడేవారికి తక్కువగా వచ్చింది. బీరు తాగేవారి సంగతి సరేసరి. పప్పుగిన్నె దాచేసి బీరుసీసా వదిలేస్తే ఏం లాభం చెప్పండి? అదీగాక చాలామందికి పథ్యం ఒక్కటీ చాలదు, యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే మందు కూడా కావాలి.

అత్తగారిది వేరు. ఆవిడ మోకాలు అరిగింది, పైన బరువు ఉంది. ఒళ్ళు ఒక్క కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలిమీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఆవిడ వంకాయ మానక్కర్లేదు. మారు వడ్డించే అన్నం, కాఫీలో చక్కెర, సాయంకాలం జంతికలు తగ్గించాలి. (కోడళ్ళు ఈ మాట నా పేరు మీదే చెప్పండి.) పసుపు మంచిదే, కాని పసుపులో కుర్కుమిన్ నూటికి సుమారు మూడు పాళ్ళే ఉంటుంది, అదీ ఒంటికి పట్టేది బహు స్వల్పం. మిరియాలతో కలిస్తే మెరుగ్గా పడుతుందని 1998లో బెంగుళూరు వారు చూపించారు. చారులో రెండూ వేసుకోండి, అదే మందనుకోకండి.

పిల్లవాడి దగ్గరకి వద్దాం. అయిదునుంచి పదిహేనేళ్ళలోపు పిల్లలకి గొంతునొప్పి వచ్చి తగ్గుతుంది. రెండు మూడు వారాలకి మోకాలు వాస్తుంది. అది తగ్గుతూండగానే చీలమండ, తరవాత మోచెయ్యి. జ్వరం కూడా ఉంటుంది. ఇది రుమాటిక్ జ్వరం కావచ్చు. దీనికి మూలం కీలులో లేదు, గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమిలో ఉంది. ఆ క్రిమితో పోరాడవలసిన శక్తి దారితప్పి సొంత ఒంటిమీదే పడుతుంది. కీళ్ళు వాటంతటవే బాగుపడతాయి. గుండె కవాటాలు అలా కాదు. ఒక్కసారి పాడైతే పెళ్ళీడుకి ఆయాసం, కాన్పులో గండం. నొప్పిమాత్ర వేస్తే ఈ కీళ్ళవాపు చప్పున తగ్గిపోతుంది, తల్లి హమ్మయ్య అనుకుంటుంది, జబ్బు మరుగున పడిపోతుంది.

అందుకని మాత్ర వెయ్యకముందే డాక్టరుకి చూపించండి. అంతకుముందు గొంతు నొప్పెట్టిందేమో గుర్తుచేసుకుని చెప్పండి. రుమాటిక్ జ్వరమని తేలితే మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షను ఏళ్ళతరబడి చేయించాలి. ఆడుకుంటున్నాడు కదా అని మధ్యలో మానెయ్యకండి, అదే క్రిమి మళ్ళీ సోకితే కవాటం మరింత చెడుతుంది. ఆ తేదీలు క్యాలెండరులో పాలలెక్క పక్కనే రాసుకోండి.