విదేశయాత్ర - పాస్‌పోర్టు నిబంధనలు



విద్యకై, ఉద్యోగమునకై, కూలికై సముద్రములు దాటుచున్న మనవారు నేడు పెక్కుమంది. బయలుదేరునప్పుడు శుభముహూర్తమును విచారింపని యిల్లు లేదు. పాస్‌పోర్టు గడువు ఎన్నటికి తీరునో విచారించు ఇండ్లు మాత్రము అరుదు. ఒక్క యక్షరదోషము వలన విమానాశ్రయమునుండి మరలివచ్చినవానికి టిక్కెట్టు ధనము పోవుటయే కాదు, పొలము తాకట్టుపెట్టి తెచ్చిన ఋణము మీదపడును. కావున ఈ విషయమును మహాసభవారి సన్నిధిని విన్నవింప బూనితిమి.

సరిహద్దుల నిబంధనలు ఏ కాలమునను స్థిరముగా నుండలేదు. 1914వ సంవత్సరపు మహాయుద్ధమునకు పూర్వము పాస్‌పోర్టు లేకయే అనేక దేశములకు పోవుచుండిరి. 1920లో నానాజాతి సమితివారు పారిసునగరమున సభ చేసి, అన్ని దేశములును ఒకే తీరు పుస్తకము నీయవలెనని సిఫారసు చేసిరి. మన దేశమున పాస్‌పోర్టు చట్టము పుట్టినదియు ఆ యేడే.

తెలుగువారికి ఇంతకంటె దగ్గర దృష్టాంతము బర్మా. కాకినాడ, విశాఖపట్టణము రేవులలో ఓడలెక్కి రంగూనుకు పోయి, బియ్యపు మరలయందును రేవునందును కష్టించిన మనవారికి అది పరదేశము కాదు. హిందూదేశములోని యొక రాష్ట్రము. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా వేరుపడెను. 1941లో ఉభయ ప్రభుత్వములకు నడుమ కుదిరిన ఒడంబడిక, అనుమతి పత్రము లేనివారికి ప్రవేశము లేదను పద్ధతిని తలపెట్టెను. అదే ఓడ, అదే రేవు. నియమము మాత్రము వేరయ్యెను. కాగితమును ఉపేక్షింపరాదని బోధించుటకు మనకు ఈ చరిత్రయే చాలును.

విదేశయాత్ర వ్యక్తిస్వేచ్ఛలోని భాగమని సుప్రీము కోర్టువారు 1967 ఏప్రిలులో తీర్పు చెప్పిరి. ఆ యేటి జూనులోనే నేడు అమలునందున్న పాస్‌పోర్టుల చట్టము వచ్చెను. హక్కు గలదు, నిజమే. కాని దానిని సార్థకము చేసికొనుటకు పత్రములు సక్రమముగా నుండవలయును.

ఇటీవలి మార్పులను కొన్నింటిని చిత్తగింపుడు. చేతితో వ్రాసిన పాస్‌పోర్టులను తొలగించుటకు అంతర్జాతీయముగా 2015 నవంబరు 24 గడువయ్యెను. 2022 నవంబరులో ఐక్య అరబ్బు ఎమిరేట్లవారు, పాస్‌పోర్టునందు పేరు, ఇంటిపేరు అను రెండు స్థలములలో ఒకటి ఖాళీగా నున్నవారిని సందర్శక వీసాపై రానీయమనిరి; పిమ్మట, రెండవ పుటయందు తండ్రిపేరో వంశనామమో ఉండిన చాలునని సడలించిరి. 2023 అక్టోబరు 1వ తేదీనాడు గాని ఆ తరువాత గాని పుట్టిన శిశువులకు జననతేదీ నిదర్శనముగా జనన ధ్రువపత్రమే కావలయునని మన ప్రభుత్వమువారు 2025లో విధించిరి. 2025 అక్టోబరు 12 మొదలు ఐరోపాలోని 29 దేశములవారు, స్వల్పకాలమునకై వచ్చు పరదేశీయుల ముఖచిత్రమును, వేలిముద్రలను యంత్రములయందు నమోదు చేయు పద్ధతిని ఆరంభించిరి.

ఇందు ఇంటిపేరు సంగతి మనకు ముఖ్యము. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరముగా వ్రాసికొనుట మన యలవాటు. బడి పత్రమున పొడి అక్షరము, ఆధారు కార్డున పూర్తి పేరు, పాస్‌పోర్టున ఏమియు లేకుండుట - ఇట్లు మూడు తీరులైనచో అధికారికి అనుమానము కలుగక మానదు. బిడ్డను బడిలో చేర్చునాడే పూర్తి పేరును, పూర్తి ఇంటిపేరును ఒకే తీరున వ్రాయించిన ఈ చిక్కు రాదు.

ఇంతకంటె హృదయవిదారకమగునది కూలికై పోవువారి స్థితి. సామాన్యముగా పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు, గల్ఫు రాజ్యములును మలేషియాయును చేరిన 18 దేశములకు ఉద్యోగమునకై పోవలెనన్న, 1983 నాటి వలసల చట్టము ననుసరించి వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలయును. ఆ మార్గమున పోవువారికి పది లక్షల రూపాయల ప్రవాసి భారతీయ బీమా గలదు. దొంగ ఏజెంట్లు ఈ శ్రమ యేల యని చెప్పి సందర్శక వీసాపై పంపుదురు. అట్లు పోయినవానికి ఒప్పందము లేదు, బీమా లేదు. ఆపద వచ్చిన వాని భార్యాబిడ్డలకు చూపుకొనుటకు ఒక్క కాగితమైనను లేదు.

కావున మేము మనవి చేయునవి ఇవి. యాత్రకు ఆరు మాసములకు ముందే పాస్‌పోర్టును తెరచి చూడవలయును. చేరిన నాటినుండి ఇంకను ఆరు మాసముల గడువు ఉండవలెనను దేశములు పెక్కు గలవు. ఖాళీ పుటలున్నవో లేవో, చెమ్మకు చెడినదో చూచుకొనవలయును. బిడ్డల పాస్‌పోర్టు గడువు పెద్దలవలె పది సంవత్సరములు కాదు, ఐదు సంవత్సరములే యని మరువరాదు. నిబంధనలను పొరుగువాని నోట గాక, ఆ దేశపు రాయబార కార్యాలయమువారి ప్రకటన వలననే తెలిసికొనవలయును. పోయినయేట చెల్లినది ఈ యేట చెల్లకపోవచ్చును. పాస్‌పోర్టు చట్టరీత్యా కేంద్రప్రభుత్వపు సొత్తు; దానిని ఏజెంటునకు కుదువపెట్టుట తగదు. నకలు ఒకటి ఇంటియొద్ద నుంచవలయును.

తుదకు పోషక మహాశయులకు ఒక విన్నపము. మన విద్యార్థి వసతిగృహములయందు వారమునకొక దినము, చదువుకొన్న యువకులు ఇద్దరు కూర్చుండి, చదువురాని సోదరులకు దరఖాస్తులు ఉచితముగా వ్రాసిపెట్టుటకును, ఏజెంటు ప్రభుత్వమువారి పట్టికలో నమోదైనవాడో కాడో చూచి చెప్పుటకును ఏర్పాటు గావింపుడు. ఇందులకు వలయు ద్రవ్యము స్వల్పము. కాపాడబడు సంసారములు అనేకములు. మహాసభవారు దీనిని తీర్మానముగా నంగీకరింతురని నమ్ముచున్నాము.