చేతికి అందే చరిత్ర

 

నేను ఇంజనీరుని, చరిత్రకారుణ్ణి కాను. అయినా నాలుగేళ్లుగా సెలవు రోజుల్లో, మన బడి పిల్లల కోసం, ఇస్లామిక్ దేశాల పాతకాలపు గాజుపూత మట్టిపాత్రలకు నమూనాలు చేస్తున్నాను. ఎందుకో చెబుతాను.

9వ శతాబ్దంలో చైనా తెల్ల పింగాణీ ఓడల్లో ఇరాక్ చేరింది. బస్రా కుమ్మరులూ అలాంటివి చేయాలనుకున్నారు. కానీ పింగాణీకి కావలసిన తెల్లమట్టి వారికి లేదు. ఉన్నది లేత పసుపు మట్టి. అప్పుడు వాళ్లు గాజుపూతలో టిన్ ఆక్సైడ్, అంటే తగరపు భస్మం, కలిపారు. పూత పాలలా తెల్లబడి కింది మట్టిని కప్పేసింది. దానిమీద కోబాల్టుతో నీలి పూలు, అక్షరాలు వేశారు. వెండి, రాగి లవణాలతో చిత్రించి, పొగ పట్టిన ఆవంలో మళ్లీ కాల్చి, మట్టికి లోహపు మెరుపు తెచ్చారు. 14వ శతాబ్దంలో ఇరాన్ కోబాల్టు చైనాకు వెళ్లి, అక్కడి తెల్ల పింగాణీ మీద నీలిరంగై నిలిచింది. అప్పు వడ్డీతో సహా తీరిందన్నమాట!

ఇదంతా పుస్తకంలో ఒక్క వాక్యమైతే పిల్లలకు గుర్తుండదు. అందుకే గిన్నె చేతికిస్తాను. మన ఊరి కుమ్మరి సారె మీద చేసి, కాల్చి ఇస్తాడు. రంగులు నేను వేస్తాను. పాత గాజుపూతల్లో సీసం వాడేవారు, బడిలో అది వద్దు. అక్రిలిక్ రంగులు చాలు. మట్టి మన ఊరిది, పూత ఇప్పటిది అని అడుగున రాసిపెడతాను. నకలును అసలని చెబితే పాఠమే తప్పిపోతుంది.

ప్రతి పెట్టెలో ఒక గిన్నెను కావాలనే పగలగొట్టి పెడతాను. పైన తెలుపు, లోపల మట్టిరంగు. ఆ అంచు చూడగానే పిల్లలు, "లోపల కూడా తెల్లగా లేదేం సార్?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో రసాయనశాస్త్రం, వాణిజ్యం, భూగోళం మూడూ తరగతిలోకి వస్తాయి. మ్యూజియంలో అద్దం వెనుక ఉన్న గిన్నెతో ఆ పని కాదు కదా. ఇది మనకు దూరపు కళా కాదు. హైదరాబాదులో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల రంగు పలకలు చూసినవారికి ఆ సంగతి తెలుసు.

ఒక్క విన్నపం. మన కుమ్మరికి వయసు మీదపడింది. ఆయన కొడుకులు సారె పట్టలేదు. ఆయన ఓపిక ఉండగానే పిల్లలు ఆయన దగ్గర కూర్చోవాలి. నేను చందా అడగడం లేదు. నెలకొక శనివారం వచ్చి, పిల్లలను ఆయన ఆవం దగ్గరికి తీసుకువెళ్లే పదిమంది కావాలి. సభ ముగిశాక నేను గుమ్మం దగ్గరే ఉంటాను, మీ పేర్లు ఇవ్వండి.

సెలవు.