చిన్న పీసీకి వైఫై కార్డు: స్లాట్‌లో పట్టినంత మాత్రాన పనిచేయదు

పోయిన ఎపిసోడ్‌లో మినీ ఐటీఎక్స్ కేసుల గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద వచ్చిన ప్రశ్నల్లో సగం ఒకటే: "అన్నా, బోర్డులో వైఫై లేదు, ఏ కార్డు కొనాలి?" రెండు వేల రూపాయలకు అటూ ఇటూ ఉండే వస్తువు, దీనికో ఎపిసోడ్ ఎందుకు అనుకోకండి. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు విషయంలో నెల రోజులు రీసెర్చ్ చేసినవాళ్లు కూడా సరిగ్గా ఈ చిన్న ముక్క దగ్గరే ఇరుక్కుంటున్నారు.

ముందు ఒక విషయం. పెద్ద ఏటీఎక్స్ బోర్డు అయితే ఈ గొడవే లేదు. ఖాళీగా ఉన్న పీసీఐఈ స్లాట్‌లో ఒక వైఫై కార్డు గుచ్చేస్తాం, అయిపోయింది. మినీ ఐటీఎక్స్ బోర్డు 170 మి.మీ. పొడవు, 170 మి.మీ. వెడల్పు. అందులో పీసీఐఈ స్లాట్ ఒక్కటే ఉంటుంది. దాంట్లో గ్రాఫిక్స్ కార్డు కూర్చుంటుంది. ఇక మనకు మిగిలేది వెనక పోర్టుల దగ్గర ఉండే చిన్న ఎం.2 స్లాట్. ఇది ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 కాదండోయ్. ఎస్‌ఎస్‌డీ స్లాట్‌ని కీ-ఎం అంటారు, వైఫై స్లాట్‌ని కీ-ఈ అంటారు. గాటు ఉండే చోటు వేరు కాబట్టి ఒకదాని కార్డు ఇంకోదాంట్లో దిగదు. వైఫై కార్డు సైజు 22 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. పొడవు. అందుకే దాన్ని 2230 అని రాస్తారు. కొన్ని కార్డుల మీద రెండు గాట్లు ఉంటాయి, "ఏ ప్లస్ ఈ" అని రాసి ఉంటుంది. అవి కూడా కీ-ఈ స్లాట్‌లో పడతాయి, భయం లేదు.

ఇంతవరకు అందరికీ తెలుసు. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. కీ-ఈ స్లాట్ చూడటానికి అన్ని బోర్డుల్లో ఒకేలా ఉంటుంది. కానీ ఆ స్లాట్ వెనక ఏ వైర్లు లాగారు అనేది బోర్డుని బట్టి మారుతుంది. ఒక రకం స్లాట్‌లో పీసీఐఈ లైను, యూఎస్‌బీ లైను ఉంటాయి. వైఫై పీసీఐఈ మీద నడుస్తుంది, బ్లూటూత్ యూఎస్‌బీ మీద నడుస్తుంది. ఇంకో రకంలో ఇంటెల్ వాళ్ల సొంత పద్ధతి ఉంటుంది, దాని పేరు సీఎన్‌వీఐ.

సీఎన్‌వీఐ అంటే ఏంటి? మామూలు వైఫై కార్డులో మొత్తం సరుకు కార్డు మీదే ఉంటుంది. సీఎన్‌వీఐలో అలా కాదు. వైఫైకి కావలసిన మెదడు భాగాన్ని ఇంటెల్ తన చిప్‌సెట్ లోపలే పెట్టేసింది. మనం కొనే కార్డులో మిగిలేది రేడియో భాగం మాత్రమే. మిక్సీతో పోల్చుకోండి. సీఎన్‌వీఐ కార్డు అంటే జార్ మాత్రమే. మోటారు ఇంటెల్ బోర్డులో ఉంది. ఆ జార్ తీసుకెళ్లి మోటారు లేని చోట పెడితే పచ్చడి అవ్వదు కదా. ఏఎండీ బోర్డులో సీఎన్‌వీఐ కార్డు పెడితే జరిగేది అదే. కార్డు చక్కగా దిగుతుంది, స్క్రూ పడుతుంది, యాంటెనా వైర్లు కూడా తగులుకుంటాయి. పీసీ ఆన్ చేస్తే డివైస్ మేనేజర్‌లో దాని జాడే ఉండదు. డ్రైవర్ మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా రాదు.

మా కాలేజీ జూనియర్ ఒకడికి సరిగ్గా ఇదే అయింది. మియాపూర్‌లో పీజీలో ఉంటాడు. ఇంటికి వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టుకుని పోయేలా చిన్న పీసీ కావాలని, స్టైపెండ్ డబ్బులు దాచుకుని ఏఎండీ మీద బిల్డ్ చేశాడు. పీజీలో లాన్ పోర్టు లేదు, ఉన్నది వైఫై ఒక్కటే. ఆన్‌లైన్‌లో ఒక షాపు వాడు "అన్ని డెస్క్‌టాప్‌లకూ పనిచేస్తుంది" అని రాసి ఏఎక్స్211 అంటగట్టాడు. శనివారం పొద్దున వీడికి ఆన్‌లైన్ కోడింగ్ రౌండ్. శుక్రవారం రాత్రి పదకొండింటికి నాకు ఫోన్: "అన్నా, విండోస్ మళ్లీ వేశాను, మూడు డ్రైవర్లు మార్చాను, అయినా రావట్లేదు". కార్డు పేరు చదవరా అన్నాను. చివర 1 అని వినగానే ఇంక డ్రైవర్ల జోలికి పోవద్దని చెప్పాను.

ఆ రాత్రి వాడు బయటపడిన దారి మీకూ పనికొస్తుంది, చెప్తాను. ఆండ్రాయిడ్ ఫోన్‌ని పీజీ వైఫైకి కనెక్ట్ చేసి, కేబుల్‌తో పీసీకి పెట్టి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయమన్నాను. చాలామంది టెథరింగ్ అంటే మొబైల్ డేటానే అనుకుంటారు. ఫోన్ వైఫైలో ఉంటే ఆ వైఫైనే కేబుల్ మీదుగా పీసీకి పంపుతుంది. టెస్ట్ రాశాడు. కొత్త పీసీలో విండోస్ 11 వేసేటప్పుడు "ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వండి" అని స్క్రీన్ ఆగిపోతుంది చూడండి, వైఫై డ్రైవర్ ఇంకా లేక? అప్పుడూ ఇదే దారి.

సరే, పేర్లు ఎలా చదవాలి? ఇంటెల్ 6, 6ఈ కార్డుల్లో ఒక సులువైన గుర్తు ఉంది. ఏఎక్స్200, ఏఎక్స్210, ఇలా చివర సున్నా ఉంటే పీసీఐఈ కార్డు. ఇంటెల్ బోర్డైనా, ఏఎండీ బోర్డైనా పనిచేస్తుంది, స్లాట్‌లో పీసీఐఈ లైను ఉంటే చాలు. ఏఎక్స్201, ఏఎక్స్211, ఇలా చివర 1 ఉంటే సీఎన్‌వీఐ. ఇంటెల్ బోర్డు ఉండి తీరాలి, అది కూడా సరైన తరం. పాత 9560 అనే కార్డు 8, 9 తరాల ప్రాసెసర్లకు వచ్చింది. ఏఎక్స్201కి 10వ తరం నుంచి పైకి కావాలి. అంటే 300 సిరీస్ చిప్‌సెట్ బోర్డు సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికిందని తీసుకుని దాంట్లో ఏఎక్స్201 పెడితే, ఇంటెల్‌కి ఇంటెలే అయినా రాదు.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది. కొన్ని చవక ఇంటెల్ బోర్డుల్లో కీ-ఈ స్లాట్‌కి సీఎన్‌వీఐ మాత్రమే ఇస్తారు, పీసీఐఈ లైను లాగరు. అక్కడ "ఎక్కడైనా పనిచేసే" ఏఎక్స్210 కూడా పనిచేయదు. అందుకే షాపులో కార్డు అడిగేముందు మీ బోర్డు మాన్యువల్ పీడీఎఫ్ తెరవండి. ఫోన్‌లోనే చూడొచ్చు. స్పెసిఫికేషన్ పేజీలో వైఫై స్లాట్ దగ్గర ఒక్క లైను ఉంటుంది. "పీసీఐఈ, సీఎన్‌వీఐ" రెండూ రాసి ఉంటే మీ ఇష్టం. సీఎన్‌వీఐ ఒక్కటే రాసి ఉంటే చివర 1 ఉన్న కార్డే. ఏఎండీ బోర్డు అయితే సీఎన్‌వీఐ అనే మాటే ఉండదు.

ఇక ఈ సున్నా సూత్రం పప్పులుడకని చోటు ఒకటుంది, వైఫై 7. బీఈ200 చివర సున్నానే, పీసీఐఈ కార్డే. కానీ చాలా ఏఎండీ బోర్డులు దాన్ని గుర్తించవు. కొందరికి దాన్ని పెట్టాక పీసీ బూటే అవ్వలేదు. కాబట్టి ఏఎండీ వాళ్లకు నా మాట: 6ఈ చాలనుకుంటే ఏఎక్స్210, లేదా మీడియాటెక్ ఎంటీ7922. ఈ రెండోదాన్నే ఏఎండీ ఆర్‌జెడ్616 పేరుతో అమ్ముతారు, రెండూ ఒకటే. వైఫై 7 కావాల్సిందే అంటే మీడియాటెక్ ఎంటీ7925 గానీ క్వాల్‌కామ్ వాళ్ల కార్డు గానీ చూడండి. దానికి విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ కూడా ఉండాలి. లైనక్స్ వాడేవాళ్లకు ఏఎక్స్210 సుఖం, కెర్నల్ 5.10 నుంచి సపోర్ట్ ఉంది.

అసలు వైఫై 7 కావాలా? నిజాయితీగా చెప్పుకుందాం. మీ ఇంటి ఫైబర్ ప్లాన్ 100 ఎంబీపీఎస్సో, 300 ఎంబీపీఎస్సో. పాత వైఫై 5 కార్డు కూడా రెండు యాంటెనాలతో 867 ఎంబీపీఎస్ లింకు ఇస్తుంది. గదిలో అందేది అంతకంటే తక్కువే అనుకున్నా, మీ ప్లాన్‌కి అది సరిపోతుంది. 6 గిగాహెర్ట్జ్ సంగతి అంటారా, మన దేశంలో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ లేకుండా వాడుకునేందుకు టెలికాం శాఖ ముసాయిదా నియమాలు విడుదల చేసిందే 2025 మేలో. ఇప్పటికే మీ గోడకి వేలాడుతున్న రూటర్‌లో బహుశా 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండే ఉంటాయి. రూటర్ 6 పంపకపోతే కార్డు ఏం పట్టుకుంటుంది? కార్డు మీద ఎక్కువ పెట్టే డబ్బు యాంటెనా మీద పెట్టండి, తేడా కనిపిస్తుంది.

యాంటెనా గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే చిన్న కేసులన్నీ రేకు డబ్బాలే. యాంటెనా వైర్లు కేసు లోపలే చుట్టి పడేసి "సిగ్నల్ రావట్లేదు" అంటే ఎలా వస్తుంది? స్టీలు క్యారేజీలో ఫోన్ పెట్టి మూత వేసినట్టే. యాంటెనా కేసు బయట ఉండాలి. దానికి బోర్డు వెనక రేకులో రెండు గుండ్రటి రంధ్రాలు ఉన్నాయో లేవో ముందే చూసుకోండి. కార్డు మీద ఉండే బుల్లి కనెక్టర్‌ని ఎంహెచ్ఎఫ్4 అంటారు. పాత మినీ పీసీఐఈ కార్డుల వైరు దీనికంటే కొంచెం పెద్దది, చూపుకి ఒకేలా ఉంటుంది, బలవంతంగా నొక్కితే కార్డు కనెక్టరే ఊడుతుంది. కార్డు మీద రెండు కనెక్టర్లు ఉంటే రెండింటికీ వైరు పెట్టాలి. వైరు రెండో కొసన, అంటే యాంటెనా తిప్పే చోట, ఆర్‌పీ-ఎస్‌ఎంఏ ఉండాలి. ఉత్త ఎస్‌ఎంఏ కూడా అచ్చం అలాగే ఉంటుంది, మర కూడా పడుతుంది, కానీ మధ్యలో పిన్ను తగలదు. గుర్తు ఏంటంటే, మనకు కావలసినదాంట్లో పిన్ను కేసు వైపు ఉంటుంది, రంధ్రం యాంటెనా వైపు ఉంటుంది.

ఇంకోటి. చాలా మినీ ఐటీఎక్స్ బోర్డుల్లో ఈ కార్డు నిలువుగా, పోర్టుల పక్కన ఒక రేకు డబ్బీలో నిలబడుతుంది. దాని స్క్రూలు కొన్నిసార్లు బోర్డు అడుగు నుంచి ఉంటాయి. బోర్డు కేసులో బిగించి, కూలర్ పెట్టి, వైర్లన్నీ సర్దాక వైఫై కార్డు గుర్తొచ్చిందనుకోండి, మొత్తం మళ్లీ విప్పాలి. కాబట్టి బోర్డు ఇంకా టేబుల్ మీద ఉన్నప్పుడే పెట్టేయండి.

కీ-ఈ స్లాటే లేదు అంటే? ఖాళీ ఎస్‌ఎస్‌డీ స్లాట్‌లో పెట్టే అడాప్టర్లు దొరుకుతాయి. వైఫై వస్తుంది. కానీ ఎస్‌ఎస్‌డీ స్లాట్‌లో యూఎస్‌బీ లైను ఉండదు కాబట్టి బ్లూటూత్ రాదు. కొన్ని అడాప్టర్లకు యూఎస్‌బీ వైరు విడిగా ఇస్తారు, దాన్ని బోర్డు మీద 9 పిన్నుల హెడర్‌కి పెట్టాలి. చిన్న బోర్డుల్లో ఆ హెడర్ సాధారణంగా ఒక్కటే, దాన్ని లిక్విడ్ కూలర్ ఎప్పుడో ఆక్రమించి ఉంటుంది. అప్పుడు హాయిగా యూఎస్‌బీ డాంగిల్ కొనుక్కోండి, సిగ్గేం లేదు. ఒక్క జాగ్రత్త: యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నాయిస్ వస్తుంది. డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టి, 5 గిగాహెర్ట్జ్‌కి కనెక్ట్ అవ్వండి. వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోందని తిట్టుకునేవాళ్లు కూడా ఇది ఒకసారి చూడండి.

కార్డు వచ్చాక స్టిక్కర్‌ని నమ్మకండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. అసలైన ఏఎక్స్210 అయితే 8086, 2725 అనే రెండు నంబర్లు కనబడతాయి. 2723 అని ఉంటే అది ఏఎక్స్200, అంటే మీకు 6 గిగాహెర్ట్జ్ లేని పాతది పంపారు. రిటర్న్ గడువు దాటకముందే, పెట్టె విప్పిన రోజే చూసుకోండి.

మీ బోర్డుకి ఏది పడుతుందో తేలకపోతే కామెంట్‌లో బోర్డు పూర్తి మోడల్ పేరు, ప్రాసెసర్, మాన్యువల్‌లో వైఫై స్లాట్ లైను, ఈ మూడూ రాయండి, నేను చూస్తాను. "అన్నా, బెస్ట్ వైఫై కార్డు ఏది?" అని మాత్రం అడగొద్దు, బోర్డు పేరు లేకుండా నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఎపిసోడ్ కూలర్ ఎత్తు మీద. ఉంటాను మరి, బై.