మేడమంచము

నగరమున నా కుమారుని యింట బిడ్డలిద్దఱకు నొక్కటే గది. స్థలము కలసివచ్చునని నిచ్చెనగల యెత్తుమంచము కొనఁదలఁచి నన్నడిగిరి. 4 ఏండ్ల మనుమఁడు "పైమంచము నాదే" యని పట్టుపట్టెను.

నేను వలదంటిని. 6 ఏండ్లు నిండని బిడ్డను పైమంచమునఁ బరుండఁబెట్టరాదని అమెరికా దేశపు వినియోగవస్తు భద్రతా సంఘము హెచ్చరించుచున్నది. నిద్రలో దొర్లు బిడ్డకు ఎత్తు తెలియదు గదా! అడ్డుకమ్మీలు రెండు ప్రక్కలను ఉండి, పఱుపుకంటె 5 అంగుళములైనను ఎత్తుగా నుండవలెను. సందులు 3½ అంగుళములకు లోపుగా నుండవలెను. తిరుగు పంకా క్రింద నా మంచము వేయనేరాదు.

పైమంచము 9 ఏండ్ల యక్కకిచ్చి, క్రింద తమ్మునికిఁ బ్రక్క వేయించితిమి. "ఆఱు నిండిననాఁడు నిచ్చెన నీదిరా" అంటిని. వాఁడు నాఁటినుండి దినములు లెక్కించుచున్నాఁడు. పిల్లవాని కన్నీరు పూటలో నాఱును. విఱిగిన యెముక యట్లు గాదు.