మాట ఒకటి, కెమెరా ఒకటి



2021లో వచ్చిన ‘పుష్ప’ సినిమాలో సమంత ఆడిన పాట గుర్తుందా? రాసింది చంద్రబోస్. పాడింది ఇంద్రావతి చౌహాన్. రేడియోలో వింటే అది మగవాళ్ల మీద ఫిర్యాదే. ఆడపిల్ల ఏం కట్టుకున్నా మీ చూపు మారదే అని నిలదీస్తుంది.

అదే పాటను టీవీలో శబ్దం తీసేసి చూడండి. చుట్టూ మగవాళ్ల గుంపు. కెమెరా ఆమె నడుము దగ్గర ఆగుతుంది. మాట ఏ చూపును తప్పుపడుతోందో, కెమెరాది ఆ చూపే. అవును, అదే చూపు.

మన సినిమాల్లో టీజింగ్ పాటలు ఇంకా పాతవి. హీరో దారికి అడ్డం నిలబడతాడు. ఆమె విసుక్కుంటుంది. చేయి పట్టుకుంటాడు. విదిలించుకుంటుంది. రెండో చరణం వచ్చేసరికి నవ్వేస్తుంది. నాలుగు నిమిషాల్లో ‘వద్దు’ కాస్తా ‘సరే’ అయిపోయింది! నాకు భయం వేసేది అక్కడే. పదమూడేళ్ల పిల్లాడు అదే ప్రేమనుకుంటాడు.

అందుకే, పిల్లలతో కూర్చుని పాట చూసేటప్పుడు ఒక్కసారి శబ్దం తీసేయండి. ఎవరు చూస్తున్నారు? ఎవరిని చూస్తున్నారు? ఈ రెండే అడగండి. మా ఇంట్లో సమంత పాట చూస్తూ అడిగితే మా చిన్నది తిరిగి నన్నే అడిగింది: “అంతమందిలో ఆ అక్క ఒక్కతే ఎందుకుంది?”