మొదటి ముద్ద ముట్టని పాముపిల్ల



ఇంట్లో పాము అనగానే కర్ర కోసం వెతికే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. ఇక్కడ అమెరికాలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలేమో పుట్టినరోజుకు పామునే కొనిపెట్టమంటున్నారు. నారింజ రంగులో, పెన్సిలంత సన్నగా ఉండే కార్న్ స్నేక్ పిల్ల మనవడికి ముచ్చట. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకు అది పామే. నిజానికి ఇద్దరి మాటా ఒప్పే.

పశువైద్యుడిగా నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఒకటుంది. "డాక్టర్ గారూ, తెచ్చి ఇన్ని రోజులైంది, ఏం పెట్టినా ముట్టడం లేదు." ఈ మాట చెప్పేటప్పుడు తల్లుల గొంతులో కంగారు ఉంటుంది. అన్నం తినని పసివాణ్ణి తెచ్చినట్టే తెస్తారు. బుజ్జగిస్తే తింటుందని, అలవాటు చేస్తే నేర్చుకుంటుందని అనుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. పాముపిల్లకు తినడం ఎవరూ నేర్పరు. ఏది తిండో తెలిసే అది గుడ్డులోంచి బయటికొస్తుంది. ఆ తెలివి మేలుకునే ఏర్పాటు చేయడం వరకే మన పని.

కార్న్ స్నేక్ తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, మళ్లీ వెనక్కి చూడదు. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. కడుపులో మిగిలిన పచ్చసొన బలంతోనే వారం, పది రోజులు గడుస్తాయి. ఆ తర్వాత పిల్ల మొదటి కుబుసం విడుస్తుంది. అప్పటిదాకా దానికి సాధారణంగా ఆకలి ధ్యాసే ఉండదు. కుబుసానికి ముందు కళ్లు పాలపొర కమ్మినట్టు మసకబారినప్పుడు పెద్ద పాములే తరచు తిండి ముట్టవు, పిల్లల సంగతి చెప్పాలా?

పుట్టుకతో వచ్చే ఈ తెలివిని ముందుగా జాగ్రత్తగా పరీక్షించినవాళ్లలో శాస్త్రవేత్త గోర్డన్ బర్గార్ట్ ఒకరు. 1967లో ఆయన ప్రచురించిన పరిశోధన చాలా సాదాసీదా పద్ధతిలో జరిగింది. ఇంకా ఏమీ తినని పాముపిల్లల ముందు రకరకాల జీవుల వాసన పట్టించిన దూదిపుల్లలు పెట్టి చూశారు. తమ జాతి అడవిలో తినే జీవి వాసన తగలగానే నాలుక ఆడించే వేగం పెరిగింది. కొన్ని ఏకంగా దూదినే కాటేశాయి. వానపాముల్ని తినే జాతి పిల్ల వానపాము వాసనకు, చేపల్ని తినే జాతి పిల్ల చేప వాసనకు ఎగబడ్డాయి.

మరో శాస్త్రవేత్త స్టీవన్ ఆర్నాల్డ్ కాలిఫోర్నియాలో చూసింది ఇంకా విచిత్రం. అక్కడ ఒకే జాతి గార్టర్ పాములు సముద్రతీరంలో ఉన్నాయి, లోపలి ప్రాంతాల్లోనూ ఉన్నాయి. తీరంలోవి గుల్లలేని నత్తల్ని ఇష్టంగా తింటాయి. లోపలివి కప్పల్ని, చేపల్ని తింటాయి. గార్టర్ పాములు పిల్లల్నే కంటాయి కాబట్టి, చూలు పాముల్ని తెచ్చి, పుట్టిన పిల్లల్ని విడివిడిగా ఉంచి నత్త ముక్కలు పెట్టారు. తీరప్రాంతపు తల్లుల పిల్లల్లో ఎక్కువ భాగం తిన్నాయి. లోపలి తల్లుల పిల్లల్లో ఎక్కువ భాగం ముట్టలేదు. రెండూ ఒకే చోట పుట్టాయి, నత్తను ఎన్నడూ చూసినవి కావు. లోపలి చెరువుల్లో జలగలు ఉంటాయని, నత్తను ఒప్పుకునే పాము జలగనూ మింగి ప్రమాదం తెచ్చుకుంటుందేమోనని ఆర్నాల్డ్ ఊహ. నాకైతే నమ్మదగిన ఊహే అనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి కార్న్ స్నేక్ దగ్గరికి వద్దాం. ఫ్లోరిడా, జార్జియా వైపు దీని పిల్లలు మొదట్లో తినేది ఎక్కువగా చిన్న బల్లులు, చెట్టు కప్పలు. ఎలుకలు తినడం తర్వాతి సంగతి. మనం మాత్రం మొదటి రోజునుంచే బొచ్చు రాని ఎలుకపిల్లను పెడతాం. చాలా పిల్లలు సర్దుకుని తినేస్తాయి. కొన్ని తినవు. వాటిని మొండివి అనకండి, వాటి ముక్కుకు అది తిండే కాదు. పెంపకందారులు ఎలుకపిల్లను అనోల్ బల్లికి రుద్ది ఆ వాసన పట్టించి పెడతారు. నిన్నటిదాకా మొహం తిప్పుకున్న పిల్ల ఇవాళ గబుక్కున అందుకుంటుంది. బల్లుల్లో పురుగులు, సాల్మోనెల్లా ఉండవచ్చు కాబట్టి అడవి బల్లుల్ని పట్టుకొచ్చి ఈ పని చేయకండి. ఏ బల్లిని ముట్టుకున్నా తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

వాసన ఒక్కటే చాలదు. పాముపిల్ల తానే ఎవరికో ఆహారం కాగలదు, ఆ భయం దానికి ఎప్పుడూ ఉంటుంది. పెద్ద గాజుపెట్టెలో నట్టనడుమ కూర్చోబెట్టి చుట్టూ ఇంటిల్లిపాదీ గుమిగూడితే దానికి వేట గుర్తురాదు, పారిపోవాలనే ఉంటుంది. చిన్న చీకటి డబ్బాలో పాముపిల్లతో పాటు ఎలుకపిల్లను వేసి రాత్రికి వదిలేయండి. పాము ఉండే పెట్టెలో వెచ్చని వైపు 85 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉండాలి. తిన్నాక రెండు రోజులు చేత్తో ముట్టుకోకండి. ముట్టుకుంటే కక్కేయవచ్చు.

బాల్ పైథాన్ కథ వేరు. ఘానా, టోగో, బెనిన్ గడ్డి మైదానాల్లో, ఎలుక బొరియల్లో దాగి ఉండే చిన్న కొండచిలువ ఇది. వెతుక్కుంటూ తిరిగే కంటే మాటువేయడమే దీనికి ఇష్టం. పెదవుల వెంబడి ఉన్న గుంటలతో వెచ్చదనాన్ని పసిగడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఎలుక చల్లగా ఉంటే దాని లెక్కలో అది రాయి. వేడినీళ్లలో బాగా వెచ్చబెట్టి, పొడవాటి పటకారుతో కొద్దిగా కదిలించాలి. వేలితో మాత్రం వద్దు.

శాస్త్రవేత్త స్కాట్ బోబాక్ బృందం 2012లో చనిపోయిన ఎలుకల్లో కృత్రిమ గుండె అమర్చి, దాన్ని కొట్టుకునేలా చేసి, వేటను చుట్టి బిగించి చంపే బోవా పాములకు ఇచ్చింది. గుండె కొట్టుకుంటున్నంతసేపూ పాములు ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు బిగించాయి. ప్రాణమున్న జీవిని ఎన్నడూ చంపని, మనుషుల చేతుల్లో పుట్టిన పాములకూ ఆ స్పందన తెలుసు. కాకపోతే అనుభవమున్నవి ఆ బిగింపును ఇంకా నేర్పుగా సర్దుకున్నాయి. అంటే పుట్టుకతో వచ్చిన విద్యకు సాధన కూడా తోడవుతుందన్నమాట.

వేట బుద్ధి ఉంది కదా అని బతికిన ఎలుకను వదిలి ఫోన్లో వీడియో తీసేవాళ్లున్నారు. నాకది బొత్తిగా నచ్చదు. ఎలుక కొరుకుతుంది. ఆకలి లేని పాము దాన్ని పట్టించుకోక కూర్చుంటే పాము వీపే చీరుకుపోతుంది. అలాంటి గాయాలకు కుట్లు వేస్తుంటాం. ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించిన ఎలుకతో పాముకు లోటేమీ ఉండదు. ఇక నాగులచవితికి పుట్టలో పోసినట్టు గిన్నెలో పాలు పెట్టే పెద్దవాళ్లకు సున్నితంగా చెప్పండి, పాముకు పాలు ఆహారం కాదని. నీళ్లు పెడితే చాలు.

ఎప్పుడు భయపడాలి? పెద్ద బాల్ పైథాన్ నెలల తరబడి తినకపోయినా బరువు తగ్గకుంటే ఆగవచ్చు. పిల్లకు అంత నిల్వ ఉండదు. వంటింటి త్రాసులో గ్రాముల లెక్కన వారంవారం తూచి రాసుకోండి. బరువు తగ్గుతూ వెన్నెముక తేలుతుంటే, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే వెంటనే తీసుకురండి. నోరు బలవంతంగా తెరిచి తినిపించడం యూట్యూబ్ చూసి చేసేది కాదు. ఆఖరి మార్గంగా మేం చేస్తాం.

సెలవుల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండే కజిన్లకు ఈ సరదా అంటించేముందు ఒక్కమాట. అక్కడ మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకు కూడా 2022 సవరణ తర్వాత ప్రభుత్వం దగ్గర నమోదు తప్పనిసరి. ఇక మీ పిల్లలు ఏదో అడగాలని చేతులెత్తుతున్నారు, వాళ్లనే ముందు అడగనివ్వండి.