పగిలిన వెనుక ప్రక్క అద్దము



పెండ్లికో తీర్థయాత్రకో ఇంటిల్లిపాదియు ఒక్క బండిలో బయలుదేరునపుడు, అది బొలెరో కానిండు, స్కార్పియో కానిండు, ఇన్నోవా కానిండు, ముందు ఆసనములు పెద్దలకును నడిమి ఆసనములు తల్లులకును పోగా, కట్టకడపటి వరుస పిల్లల పాలగుట మన యిండ్లలో పరిపాటి. ఆ వరుసకు ఇరుప్రక్కల, దించుటకును ఎత్తుటకును వీలులేక, బండి గోడలోనే బిగింపబడియుండు అద్దము నేటి నా ప్రసంగమునకు విషయము. మెకానిక్కులు దీనిని క్వార్టర్ గ్లాసందురు. రెండు వరుసల ఆసనములు గల కొన్ని ట్రక్కులలో వెనుక తలుపునకు కదలక బిగింపబడియుండు అద్దమును ఈ కోవలోనిదే. ఇది పగిలినపుడు పెక్కుమంది దానిని సొగసునకు వచ్చిన లోటుగా మాత్రమే యెంచి, అందిన గాజుముక్కనో ప్లాస్టిక్ రేకునో అంటించి కాలము గడుపుచుందురు. అది లోపల కూర్చున్నవారి కన్నులకును, మెడకును, ఊపిరికిని సంబంధించిన సంగతి యని మనవి చేయుటకే నేడు మీ ముందునకు వచ్చితిని.

హైవే మీద లారీచక్రము ఎగజిమ్మిన కంకరరాయి బండి ముందున్న పెద్ద అద్దమునకు తగిలినచో, నెఱ్ఱెలు పాఱును గాని ముక్క రాలదు. అదే రాయి వెనుక ప్రక్క అద్దమునకు తగిలినచో, కనురెప్ప పాటులో అద్దమంతయు చిన్న చిన్న పలుకులై ఆసనముల మీద కుప్పపడును. ముందు అద్దము మంచిది, వెనుకది నాసిరకము అని చాలమంది అనుకొందురు. ఆ యూహ సరికాదు. రెండును రక్షణకొఱకే చేయబడినవి. వాని పద్ధతులు వేఱు.

ముందు అద్దము, రెండు పలుచని గాజుపలకల నడుమ పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను పెట్టి, వేడిమితోను ఒత్తిడితోను ఏకము చేసినది. 1903లో ఎదువార్ బెనెదిక్తుస్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుని ప్రయోగశాలలో ఒక గాజుకుప్పె క్రిందపడి, పగిలియు చెదరక నిలిచెననియు, లోపల ఆఱిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ముక్కలను పట్టియుంచుటయే అందులకు కారణమని అతడు గ్రహించెననియు చెప్పుదురు. ముక్కలు రాలని ఈ గాజునకు లామినేటెడ్ గాజని పేరు.

వెనుక ప్రక్క అద్దము సాధారణముగా ఒకే పలక. దానిని కొలతకు కోసి, అంచులు నూరి, కావలసినచోట రంధ్రములు తొలిచిన పిమ్మట, కొలిమిలో సుమారు 620 మొదలు 650 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి, మెత్తబడినపుడు వంపు తీర్చి, ఇరువైపుల నుండి చల్లని గాలిని బలముగా ఊదుదురు. అపుడు పై పొరలు ముందుగా గట్టిపడును. నడిమి భాగము ఇంకను వేడిగనే యుండును. ఆ నడిమి భాగము నెమ్మదిగా చల్లారుచు ముడుచుకొనబోవగా, అప్పటికే బిగిసిన పై పొరలు దానిని ముడుచుకొననీయవు. ఆ పెనుగులాటలో పై పొరలు నొక్కుడునకును, లోపలి భాగము లాగుడునకును శాశ్వతముగా లోబడి యుండిపోవును. మన కమ్మరి ఎడ్లబండి చక్రమునకు ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాచి తొడిగి నీళ్ళు చల్లగా, అది చల్లారుచు ముడుచుకొని చక్రపు కొయ్యల నన్నిటిని ఒక్కటిగా బిగించును గదా. మేకులు లేకయే, చల్లారుట యను ఒక్క క్రియవలన పుట్టిన బిగువది. గాజులోని బిగువును అట్లు పుట్టినదే. ఇట్లు చేసినదానినే టఫెన్డ్ గ్లాసందురు. మనము గట్టిపఱచిన గాజందము.

గాజు పగులుటకు దాని పైభాగమునందలి కంటికానని గీట్లే మూలమనియు, లాగుడు కలిగినపుడు ఆ గీట్లే నోరు తెఱచి పగుళ్ళగుననియు 1920లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గ్రిఫిత్ వివరించెను. పై పొర ఎల్లవేళల నొక్కబడియే యున్నచో గీటు నోరు తెఱవజాలదు. కావుననే ఈ గాజు మామూలు గాజుకన్న నాలుగైదు రెట్లు బలము గలది. కాని ఆ నొక్కుడు పొరను దాటి దెబ్బ లోపలికి చేరినదా, అందు అణచిపెట్టబడియున్న శక్తి యంతయు ఒక్కసారిగా విడుదలయై, పగులు సెకనుకు సుమారు 1.5 కిలోమీటర్ల వేగముతో శాఖోపశాఖలుగా చీలి, పలక మొత్తమును పలుకులు చేయును. ఈ వింతను 17వ శతాబ్దమునందే యూరపువా రెఱుగుదురు. కరిగిన గాజును బొట్లుగా నీటిలోనికి జారవిడిచినపుడు ఏర్పడు తోకగల బొట్లను రూపర్ట్ రాజకుమారుడు ఇంగ్లండు రాజగు రెండవ చార్లెస్‌కు సమర్పింపగా, 1661లో రాయల్ సొసైటీవారు వానిని పరీక్షించిరి: తలపై సుత్తితో కొట్టినను చలింపని ఆ బొట్టు, తోక కొన విఱిచిన మాత్రమున పొడియయ్యెను. దానిని పలకలకు అన్వయించి, కాచిన గాజును నూనెలో ముంచి గట్టిపఱచు పద్ధతికి రాయే ద లా బాస్తీ అను ఫ్రెంచి పెద్దమనిషి 1874లో హక్కు పొందెను.

ఈ బిగువును మీరు కన్నులార చూడవచ్చును. పోలరాయిడ్ కళ్ళజోడు పెట్టుకొని, ప్రొద్దువాలు వేళ, ఆకాశపు వెలుతురు ప్రతిఫలించు వెనుక అద్దమును కొంచెము ఏటవాలుగా పరికింపుడు. గాలి ఊదిన రంధ్రముల వరుసలకు సరిపడునట్లు మసకచుక్కలో, పొడవాటి చారలో కానవచ్చును. ఒత్తిడికి లోనైన గాజు కాంతిని రెండు కిరణములుగా విడదీయునని 19వ శతాబ్దారంభమున డేవిడ్ బ్రూస్టర్ కనుగొన్నదానికి అది నిదర్శనము. కళ్ళజోడు పెట్టుకొన్న కొందఱు వానిని మరకలనుకొని గంటల తరబడి తుడుచుచుందురు. అవి మరకలు కావు. గాజు గట్టిపఱచబడినదనుటకు గుర్తులు.

ఇపుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన మాటకు వచ్చుచున్నాను. కోయుట గాని తొలుచుట గాని గాజును కాచుటకు ముందే జరుగవలెను. గట్టిపడిన పిమ్మట కోయబోయినచో అంతయు పలుకులగును. దీనినిబట్టి ప్రతి గృహస్థునకును ఒక సులువైన పరీక్ష లభించుచున్నది. ఏ దుకాణమందైనను మీ కన్నులయెదుట ఒక పలకను బల్లపై పరచి, వజ్రపు ములికితో గీటుపెట్టి, మీ బండి కంతకు సరిపడునట్లు విఱిచి యిచ్చినచో, అది గట్టిపఱచిన గాజు కానేకాదు. రెండు పలకలు అంటించిన లామినేటెడ్ గాజైనచో కొంత నయము; ఒంటి పలక యైనచో అది పటములకును బీరువాలకును వేయు మామూలు గాజే. అట్టిది పగిలినపుడు పలుకులు కాదు, పొడవైన వాడి ముక్కలు ఊడిపడును. బండి ప్రక్కకు ఒఱిగినపుడు అవి కూర్చున్న పిల్లవాని మొగమునకును మెడకును ఎదురుగా నుండును. చిన్న పట్టణములలో ఈ పని నిత్యము జరుగుచున్నది. అడుగువారు అడుగుచున్నారు, చేయువారు చేయుచున్నారు. ఇట్టి గాజు బిగించుకొనుటకన్న, తగిన అద్దము దొఱకువఱకు ఆ బండిలో పిల్లల నెక్కింపకుండుటయే మేలని నా దృఢమైన అభిప్రాయము.

అద్దము పగిలిన వెంటనే చేయవలసిన పనులు కొన్ని కలవు. ముందుగా బండిని ప్రక్కకు తీసి, పిల్లలను అవతలి తలుపుగుండ దింపవలెను. పలుకుల అంచులు మొండివే యైనను వాని నడుమ సూదిమొనలంతటి రజను ఉండును. అది కంటిలో పడినచో నలుపరాదు. శుభ్రమైన నీటిని ధారగా పోసి కడిగి, మంట తీరనిచో కంటివైద్యుని చూడవలెను; ముక్క గ్రుచ్చుకొని యున్నచో దానిని పెఱుకు ప్రయత్నము చేయక, కన్ను ఒత్తుకొనకుండ ఏదైన గిన్నెవంటిది అడ్డుపెట్టి ఆసుపత్రికి కొనిపోవలెను. పలుకులను చీపురుతో ఊడ్చినచో రజను పైకి లేచును. వ్యాక్యూమ్ క్లీనరుతో పీల్చి, తడిగుడ్డతో అద్ది తీయుట మంచిది. ఆసనపు మడతలలోను, సీటుబెల్టు చుట్టుకొను గూటిలోను, లోపలి ప్లాస్టిక్ ప్యాడు వెనుకను దాగిన పలుకులు చాల దినములవఱకు బయటపడుచునే యుండును గావున, ప్యాడు ఊడదీసి శుభ్రము చేయుమని మెకానిక్కునకు చెప్పవలెను.

తాత్కాలికముగా పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా వెలుపలి నుండి టేపుతో అంటించుట వానకు అడ్డమగును. కాని కంత తెఱచియుండగా దూరప్రయాణము చేయరాదు. పరుగిడు బండి వెనుక గాలి పీడనము తగ్గుట వలన, పొగగొట్టము విడిచిన వాయువులు అచ్చటనే సుడి తిరిగి, వెనుకనున్న సందులగుండ లోనికి వచ్చుటకు అవకాశము కలదు. వానిలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు పైబడిన పట్టుతో అంటుకొని, దేహమునకు ప్రాణవాయువు నందనీయదు. వెనుక వరుసలోని పిల్లలు తలనొప్పి యనినను, వాంతి వచ్చుచున్న దనినను, మగతగా పడియున్నను, అది ప్రయాణపు బడలికయని త్రోసివేయక వెంటనే బండి నాపి, ఇంజను కట్టి, గాలిలోనికి తీసికొనిపోవలెను.

క్రొత్త అద్దమును ఎంచుకొనునపుడు బండి మోడలు, తయారైన సంవత్సరము, ఛాసిస్ నంబరు చెప్పి తెప్పించుకొనవలెను. ఒకే పేరుగల బండ్లలోను ఏడాదికొక మార్పు వచ్చును. కొన్నిటిలో రేడియో యాంటెన్నా తీగ ఈ అద్దమునందే యుండును. మూలను చెఱగని అచ్చుతో తయారీదారు గుర్తును, ఐ.ఎస్. 2553 అను ప్రమాణసంఖ్యయు ఉండవలెను. రంగు విషయమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 100వ నియమము స్పష్టముగా నున్నది: ముందు వెనుక అద్దములు కాంతిలో కనీసము 70 శాతమును, ప్రక్క అద్దములు కనీసము 50 శాతమును లోనికి రానీయవలెను. అద్దములపై నల్లని ఫిల్ములంటించుటను 2012లో సుప్రీంకోర్టు నిషేధించిన సంగతియు మీరెఱుగుదురు. ఇన్సూరెన్సు గలవారు పలుకులు తీయకముందే ఫొటోలు తీసి కంపెనీకి తెలుపవలెను. గాజు భాగములకు తరుగుదల కోత లేదు, కాని క్లెయిము చేసినచో మఱుసటి యేడు నో క్లెయిమ్ బోనసు సాధారణముగా పోవును గావున రెండు లెక్కలును చూచుకొనుట మంచిది.

ఇక బిగించుట. పాత జీపులకును కొన్ని ట్రక్కులకును అద్దము చుట్టు రబ్బరు బీడింగుండును. బీడింగును అద్దమునకు తొడిగి, దాని గాడిలో సన్నని త్రాటిని చుట్టూ ఇమిడ్చి, సబ్బునీరు పూసి, వెలుపలి నుండి ఒకరు అద్దమును నొక్కిపట్టగా, లోపలి నుండి మఱియొకరు త్రాటిని కొంచెము కొంచెముగా లాగుదురు. త్రాడు వచ్చినకొలది రబ్బరు పెదవి ఇనుప అంచును దాటి లోపలికి మడతపడును. చూచుటకు ఎంతో ముచ్చటయైన పని యిది. నేటి బండ్లలో బీడింగునకు మాఱుగా పాలియురిథేన్ అను జిగురు కలదు. పాత జిగురును మొదలంట గీకివేయక, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమున పఱుపుగా నిలిపి, ఇనుము బయటపడిన చోటనెల్ల ప్రైమరు పూయవలెను. లేనిచో తుప్పు పుట్టి జిగురునే ఎత్తివేయును. అద్దపు అంచున నున్న నల్లని పట్టీ అలంకారము కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణములు జిగురును తినివేయకుండ కాపాడు కవచము. చవుకయని సిలికాన్ పూయువారు కలరు. అది అద్దపు బరువును బండి అదరును తాళదు సరిగదా, తరువాత మంచి జిగురునుగూడ పట్టనీయదు.

ఈ జిగురు ఎండకు ఆఱునది కాదు, గాలిలోని తేమను గ్రహించి గట్టిపడునది. కావున ట్యూబుపై వ్రాసిన కాలపరిమితి ముగియువఱకు బండిని కదల్పరాదు. మొదటి దినమున ఒక కిటికీని వ్రేలెడు దించి యుంచవలెను. అన్నియు మూసి తలుపు విసరి వేసినచో లోపలి గాలి క్రొత్త అద్దమును వెలుపలికి నెట్టును. రెండు దినములు నీటిపైపుతో కడుగరాదు. జిగురు పచ్చిగానున్నపుడు దాని ఆవిరి ఊపిరితిత్తులకు పడదు; ఉబ్బసము గలవారును పిల్లలును దూరముగా నుండవలెను, పనిచేయువారు చేతితొడుగులు వేసికొనవలెను.

ఈ ప్రసంగమును వినుచున్న మెకానిక్కు సోదరులకు నాదొక విన్నపము. విజయవాడ ఆటోనగరులో నున్నను, మారుమూల మండలములోని రోడ్డుప్రక్క షెడ్డులో నున్నను, మామూలు గాజు కోసి బిగింపుమని, ఖర్చు తగ్గునని బ్రతిమాలు గిరాకీ మీకు తప్పక వచ్చును. ఆ పని చేయకుడు. అసలు అద్దము తెప్పించుటకు రెండు దినములు పట్టునని చెప్పి, అంతవఱకు ప్లాస్టిక్ పట్టా కట్టి పంపుడు.